లక్ష్మీకుమారి ఇచ్చిన ఉప్పు

లక్ష్మీకుమారి ఇంట్లోంచి ఉప్పు బయటికి ఇచ్చింది కాబట్టే ఆమె భర్త చిరంజీవి మంచుకొండ మీద చనిపోయాడు. జంగ్లీఘాట్ జెట్టీ చుట్టుపక్కల ఈ మాటను సందేహించిన మనిషి నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. చేపల వేలం దగ్గర విన్నాను, కుళాయి దగ్గర విన్నాను, బజారుకు వెళ్లే ఆటోలో పక్కన కూర్చున్న అపరిచితుడి నోట కూడా విన్నాను. చదువుకున్న కుర్రవాళ్లు నవ్వుతూ చెప్తారు, పెద్దవాళ్లు నవ్వకుండా చెప్తారు. తేడా అంతే.

ఈ మాట వెనకున్న ఆచారం పాతది. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఇక్కడికి వచ్చిన మా జెట్టీ కుటుంబాలు వలలతో పాటు దాన్నీ ఓడెక్కించి తెచ్చుకున్నాయి. మగవాడు నీళ్ల మీద ఉన్నంతసేపూ ఆ ఇంటి ఉప్పు గడప దాటకూడదు. అతను తిరిగివచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ ఉప్పు వేసిన కూడు ఒక ముద్ద తిన్నాకే ఇచ్చిపుచ్చుకోవడాలు. ఈ నియమాన్ని నేను పరీక్షించి చూడలేదు. పరీక్షించడానికి ఎవరూ ఒప్పుకోరు కూడా.

నేను ఈ దీవుల్లోనే పుట్టి, పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. చిరంజీవి నా విద్యార్థి. వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. తండ్రి జోగులు జీవితమంతా పడవ మీద గడిపి, చివరకు జబ్బుచేసి మంచం మీద పోయాడు. కొడుక్కి సముద్రం పడలేదు. పడవ కదిలితే చాలు, వాంతులు. జోగులు కొడుకై ఉండి ఇదేమిటని జెట్టీ మీద చాలాకాలం నవ్వుకున్నారు. చిరంజీవి కూడా వాళ్లతో కలిసి నవ్వి, జెట్టీ పక్కనున్న ఐస్ ప్లాంటులో మెకానిక్‌గా చేరిపోయాడు. కంప్రెసర్, పంపు, పైపు చెప్పిన మాట వింటాయి మాస్టారూ, అల మాత్రం వినదు, అనేవాడు.

ఐస్ ప్లాంటుకు విడిభాగాలు తెచ్చే మనిషి ఒకాయన ద్వారా అతనికి హిమాలయాల్లో పని దొరికింది. అదొక స్కీ రిసార్టు. కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని జనం మంచు మీద జారే చోటు. అక్కడ చిరంజీవి చేయవలసిన పని మంచు తయారుచేయడం.

అతను వెళ్లిన కొత్తలో ఒక ఆదివారం ఫోన్‌లో ఆ యంత్రాలను చూపించాడు. తల్లి బుల్లమ్మ అరుగు మీద కూర్చుని కొడుకును చూస్తోంది. కోడలు లక్ష్మీకుమారి ఫోన్ పట్టుకుని నిలబడింది. వెనకింటి బేబీరాణి చేపల వాసన చేతులతోనే వచ్చి వాళ్ల భుజాల మీదుగా తొంగి చూసింది. నన్ను గోడ ఇవతల నుంచి పిలిచారు.

"మంచు ఆకాశం నుంచి పడాలి గదా మాస్టారూ. ఈడు తయారు సేయడమేటి?" అంది బుల్లమ్మ.

"సరిగ్గా పడడం లేదట. శీతాకాలం సగం గడిచినా కొండ బోడిగానే ఉంటోందట. జారడానికి వచ్చేవాళ్లు ముందే టికెట్లు కొనుక్కుంటారు. అందుకని యంత్రాలు పెట్టారు."

"అయితే మన అయిస్ పేక్టరీయే కొండెక్కిందన్నమాట."

"భయ్యా ఆకాశం నౌకరీ కొట్టేసినాడు చాచీ," అంది బేబీరాణి. ఫోన్‌లో చిరంజీవి కూడా నవ్వాడు.

నాకు పాఠం చెప్పడమంటే ఇప్పటికీ ఇష్టమే. ఇంట్లోంచి రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని బుడ్డికి తడిబట్ట చుట్టి, విసనకర్రతో విసిరాను. మా దీవుల గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి రెండింటికీ తేడా పెద్దగా రాలేదు. పొడిగాలి వీచే ఆ కొండ మీద అయితే తడిబట్ట చుట్టినది చాలా కిందికి దిగిపోతుందని చెప్పాను. గన్ అనే యంత్రం నీటిని సన్నని తుంపరగా చీల్చి గాలిలోకి విసురుతుంది. అందులో కొంత ఆవిరై మిగిలినదాన్ని చల్లబరుస్తుంది. చలి సరిపోతే ఆ తుంపర నేలకు చేరేలోగా గడ్డకడుతుంది.

"మందులేవీ కలపరా?"

"మా వాడి దగ్గర కలపరు. నీళ్లూ గాలీ, అంతే. మంచంటే నీళ్లే బుల్లమ్మా, రూపం మారింది."

"నీళ్లేనా?"

"నీళ్లే."

బుల్లమ్మ ఫోన్‌లోని తెల్లటి కొండను చాలాసేపు చూసింది. "అయితే నా కొడుకు ఇప్పుడు నీళ్ల మీద ఉన్నాడు," అంది. సముద్రం పడని కొడుకు గురించి తల్లి గర్వంగా చెప్పుకున్న మాట అనుకున్నాను. ఆ సాయంత్రమే ఆమె ఉప్పు డబ్బా తీసి పొయ్యి వెనక అరలో లోపలికి జరిపింది.

"అత్తా, ఆయన కొండ మీద కదా ఉన్నారు," అంది లక్ష్మీకుమారి.

"కొండ మీద నీళ్లు. మాస్టారే సెప్పినారు."

నేను చెప్పిన పాఠం చివరకు ఇలా సముద్రపు నియమాన్ని కొండ దాకా పొడిగించింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

చిరంజీవి నాకు ఫోన్ చేసినప్పుడల్లా పంపుల గురించే చెప్పేవాడు.

"ఇక్కడ అన్నీ ఉన్నాయి మాస్టారూ, ఏదీ చాలదు. వాగుకు అడ్డంకట్టి చెరువు తవ్వారు. వానాకాలం నిండుతుంది, మాకు నీళ్లు కావలసినప్పుడు ఆ వాగులో చెంబెడు రాదు. కరెంటుంది. సాయంత్రం హోటళ్లన్నీ హీటర్లు వేసుకుంటే పంపు తిరగడానికి వోల్టేజి చాలదు. వాళ్లు పడుకున్నాక మాకు వదులుతారు. అప్పుడు చలి ఉండాలి. చలి ఉన్న రోజు నీళ్లుండవు, నీళ్లున్న రోజు చలి ఉండదు."

"మరి గన్‌లు కొత్తవన్నావు?"

"గన్‌లు కొత్తవే. ఫోటోల్లో బాగా పడతాయి గదా. మట్టిలో ఉన్న పైపు ఎవరికి కనబడుతుంది? జారే దారిని రెండింతలు పొడిగించారు, పైపు పాతదే. గొట్టాలు కలిపే కొక్కేలు అరిగిపోయాయి. మార్చమని ఎన్నిసార్లు అడిగినా సీజన్ అయ్యాక చూద్దామంటారు. రెండో పంపు వస్తోంది వస్తోంది అని నేను చేరిన రోజు నుంచీ వింటున్నాను."

వాళ్ల పని జంటగా సాగేది. బేలీరామ్ అనే కొండవాసి కింద పంపు దగ్గర ఉండేవాడు. చిరంజీవి పైన గన్‌ల దగ్గర తిరుగుతూ గాలీ నీళ్లూ సరిచూసేవాడు. తెల్లవారుతూనే గన్‌లు కట్టేసి, పైపుల్లో చుక్క మిగలకుండా నీటిని వదిలేయాలి. లేకపోతే లోపలే గడ్డకట్టి పైపు పగిలిపోతుంది. "ఐస్ ప్లాంటులో ఐస్ కట్టకపోతే తిట్టేవారు. ఇక్కడ కట్టకూడని చోట కడితే తిడుతున్నారు," అన్నాడు ఒకసారి.

గన్ ముందు పేరుకునే మంచు దిబ్బను అక్కడ తిమింగలం అంటారట. తెల్లారాక ఒక పెద్ద బండి వచ్చి ఆ దిబ్బను కొండంతా పరుస్తుంది. ఈ సంగతి విన్న రోజు లక్ష్మీకుమారి కడుపు పట్టుకుని నవ్వింది. "చేప కంపు వద్దని కొండెక్కినవాడికి అక్కడా చేపేనా!" అంది. అప్పటినుంచి ఆమె భర్తను తిమింగలం అని పిలవడం మొదలుపెట్టింది. రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోతాడు కాబట్టి ఆమె రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి లేపేది. గోడ ఇవతలికి ఆ మాట వినబడేది: "ఉఠో తిమింగలం, అన్నం టైమయ్యింది."

జనవరిలో ఒక రోజు పడవలకు కానాగంత చేపలు విపరీతంగా పడ్డాయి. చిరంజీవి వెళ్లాక ఐస్ ప్లాంటు కంప్రెసర్ సగం రోజులు మూలుగుతూనే ఉంటోంది. ఆ రోజు మధ్యాహ్నానికే ఐస్ అయిపోయింది. ఐస్ దొరకని చేపకు మిగిలింది ఉప్పే. జెట్టీ అంతా చేప కోసి ఉప్పు పట్టించే పనిలో పడింది, దుకాణాల్లో ఉప్పు ఖాళీ అయింది. బుల్లమ్మ తుష్నాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లింది. పొద్దు వాలుతోంది. మా దీవుల్లో అది చాలా తొందరగా వాలుతుంది. బేబీరాణి గిన్నె పట్టుకుని పెరటి వైపు వచ్చింది.

"లక్ష్మీ, ఉప్పుంటే ఇయ్యవే. సగం బుట్ట కోసేసి కూకున్నాను."

"అత్త ఇంట్లో లేదు దీదీ."

"లేదనే కదా వచ్చాను."

ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఆయన నీళ్ల మీద ఉన్నారంటుంది అత్త."

"పహాడ్ మీద నీళ్లేంటే, పాగల్. చేప కుళ్లిపోతోందక్కడ."

లక్ష్మీకుమారి గోడ మీదుగా నన్ను అడిగింది. "మాస్టారూ, ఇవ్వొచ్చా?"

"చేప కుళ్లకుండా ఆపడం తప్ప ఉప్పుకు ఇంకో శక్తి ఉన్నట్టు నాకు తెలీదమ్మా. ఇవ్వు," అన్నాను. మళ్లీ అడిగినా అదే చెప్తాను.

ఆమె డబ్బా మూత తీసి దోసెడు ఉప్పు గిన్నెలో పోసింది. తర్వాత చేతులు దులుపుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. "ఇవాళ తిమింగలం లేవనే లేదు మాస్టారూ. మధ్యాహ్నం నుంచీ చేస్తున్నాను, ఎత్తడం లేదు. నిద్ర లేవకపోతే నీళ్లు పోస్తానని వాయిస్ మెసేజ్ పెట్టాను." ఆమె మొహం నవ్వుతోంది. ఆ మొహం నాకు ఇప్పటికీ అలాగే కనబడుతుంది.

మర్నాడు పొద్దున రిసార్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. హిందీలో ఎవరో, డ్యూటీలో ప్రమాదం జరిగిందని, రాత్రి దొరికాడని, చాలా విచారిస్తున్నామని చెప్పారు. గొట్టం కొక్కెం ఊడి, నీటి ఒత్తిడికి ఎగిరి తలకు తగిలింది. దెబ్బ తగలగానే ప్రాణం పోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ ఫోన్ మాటల్లో ఇంటివాళ్ల చెవికెక్కింది ఒక్క ముక్క: రాత్రి.

శవం ఉన్న పెట్టె విమానాలు మారి చెన్నై మీదుగా వచ్చింది. జోగులును మోసిన జెట్టీవాళ్లే కొడుకునూ మోశారు. అంతా అయ్యి మేము తిరిగి వచ్చేసరికి బేబీరాణి గడప దగ్గర నిలబడి ఏడుస్తోంది. ఆమె చేతిలో గిన్నె ఉంది, గిన్నె నిండా ఉప్పుంది. చావు జరిగిన ఇంటి ఉప్పు తన దగ్గర ఉండిపోకూడదని, తీసుకున్నదానికి రెండింతలు తెచ్చింది. మంచి మనసుతో చేసిన పనే.

"ఇదేటే?" అంది బుల్లమ్మ.

బేబీరాణి ఏడుపు ఆగిపోయింది.

"ఎప్పుడు తీసుకున్నావు?"

"ఆ రోజే చాచీ. నువ్వు తుష్నాబాద్ ఎల్లిన రోజు. సాయంత్రం."

బుల్లమ్మ కేక పెట్టలేదు. కోడలి వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఉప్పు సాయంత్రం ఎల్లింది. నా కొడుకు రాత్రి ఎల్లిపోనాడు."

చీకటి పడేలోగా ఆ మాట జెట్టీ అంతా తిరిగింది.

నేను చాలాసార్లు వాదించాను. ఇన్నేళ్లు బడిలో చెప్పినవాణ్ణి, ఒక తల్లికి ఒక కొక్కెం సంగతి చెప్పలేనా అనుకున్నాను.

"బుల్లమ్మా, ఆ కొక్కెం అరిగిపోయింది. అరిగిపోయిందని మీవాడే నాకు చెప్పాడు. అందుకే ఊడింది."

"అంతకుముందు రోజూ అరిగే ఉంది గదా మాస్టారూ. ఆ రోజే ఎందుకూడింది?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఏదో ఒక రోజు ఊడాలి కాబట్టి ఆ రోజు ఊడింది. అది తల్లి మొహం చూస్తూ చెప్పగలిగిన జవాబు కాదు.

"జోగులు ఉన్నన్నాళ్లూ నేను గింజ ఉప్పు బయటికియ్యలేదు. ఎన్ని తుపాన్లొచ్చినా తిరిగొచ్చాడు."

"తిరిగి రాని పడవలు ఎన్ని ఉన్నాయి? ఆ ఇళ్లలో ఆడవాళ్లంతా ఉప్పు ఇచ్చారా?"

"ఇచ్చే ఉంటారు. ఒప్పుకుంటారేటి ఎవరైనా?"

నేను దారి మార్చాను.

"అయినా అది సముద్రం మాట. అతను ఉన్నది కొండ మీద."

"మంచు నీళ్లేనని సెప్పింది మీరే కదా," అంది బుల్లమ్మ. ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. నేను నేర్పినది నిజమని ఒప్పుకుంటోంది, అంతే.

లక్ష్మీకుమారిని ఎవరూ తిట్టలేదు. ఇంట్లోంచి పొమ్మనలేదు. అత్తాకోడళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకరి చేయి ఒకరికి తగలకుండా తిన్నారు. కుళాయి దగ్గర ఆమె వస్తే పక్కకు జరిగి చోటిచ్చేవారు. ఆ జరగడంలో మర్యాద ఎంతో, భయం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. సముద్రం మీద మగవాళ్లున్న ఇళ్ల ఆడవాళ్లు ఆమె పలకరిస్తే తల ఊపేవారు, జవాబు చెప్పేవారు కాదు.

తనకు తానే వేసుకున్న శిక్ష వేరే ఉంది. ఆమె ఉప్పు తినడం మానేసింది. ఆ ఇంటి వంటలో ఉప్పే లేకుండా పోయింది. అత్త కూడా మాట్లాడకుండా ఆ చప్పిడి కూడే తినేది. ఎండలో నీళ్లు మోసుకొచ్చి లక్ష్మీకుమారి ఒకసారి గడప మీదే కూలబడింది. ఒంటికి ఉప్పు ఎందుకు కావాలో నేను వివరించాను. ఆమె అంతా శ్రద్ధగా విన్నది.

"మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది మాస్టారూ," అంది. "కానీ నేను ఇవ్వకపోయి ఉంటే ఆయన ఉండేవారేమో అని ఒక్కసారి అనిపించింది. ఇక పోవడం లేదు అది."

ఆ చలికాలం రిసార్టును తొందరగానే మూసేశారట. ఎండలు ముదిరాక చిరంజీవి పనిముట్ల సంచి తీసుకుని బేలీరామ్ వచ్చాడు. పార్సిలు చేయవచ్చు, కానీ అతనికి మనసొప్పలేదు. పొట్టి మనిషి, చలికి కమిలిన బుగ్గలు. మా తేమ గాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతోంది. అంతవరకు సముద్రాన్ని చూడలేదట. జెట్టీ దగ్గర నిలబడి, "ఇన్ని నీళ్లా మాస్టర్‌జీ!" అన్నాడు. ఆ వెంటనే కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల చెరువు గుర్తొచ్చి ఉంటుంది.

నన్ను కూడా భోజనానికి పిలిచారు. లక్ష్మీకుమారి అన్నం, చేపల పులుసు వడ్డించింది. బుల్లమ్మ గోడకు ఆనుకుని, కొడుకు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బేలీరామ్ ఒక ముద్ద తిన్నాడు, రెండోది కలిపాడు, మొహమాటపడుతూ తలెత్తాడు.

"దీదీ, థోడా నమక్?"

ఉప్పు మాట వినగానే గరిట పట్టుకున్న లక్ష్మీకుమారి చేయి ఆగిపోయింది. బుల్లమ్మ కళ్లు మూసుకుంది. తను అడగకూడనిది ఏం అడిగాడో తెలియక అతను మా మొహాలు మార్చి మార్చి చూశాడు. చివరకు నేనే చెప్పాను, ఆచారం, బేబీరాణి గిన్నె, సాయంత్రం, రాత్రి. హిందీలోనే చెప్పాను. ఇక్కడ అది అందరికీ ఇంటి భాషే. ఆ గదిలో అర్థంకాని వాళ్లెవరూ లేరు.



"ఏ సాయంత్రం?" అన్నాడు బేలీరామ్.

"అతను పోయిన రోజు సాయంత్రమే."

"మాకు అతను దొరికింది రాత్రి మాస్టర్‌జీ. అతను పోయింది రాత్రి కాదు."

అతను తడబడుతూ చెప్పుకొచ్చాడు. తెల్లవారుజామున చెరువు అడుగంటి పంపు దానంతట అదే ఆగింది. చిరంజీవి పైన గన్‌లు కట్టేసి, పైపులు ఖాళీచేసి, అటునుంచి అటే తన గదికి వెళ్లి పడుకుంటాడనుకున్నాడు. రోజూ జరిగేది అదే. తనూ వెళ్లి పడుకున్నాడు. రాత్రి పని చేసేవాళ్ల తలుపులు పగలు ఎవరూ తట్టరు. ఆ రోజు దిబ్బలు పరిచే బండి కూడా మరమ్మతులో ఉండి పైకి రాలేదు, పరవని దారిలోకి జారేవాళ్లనూ వదల్లేదు. మళ్లీ డ్యూటీకి వెళ్లినప్పుడే అతను లేడని తెలిసింది. కొండ పైన ఒక తిమింగలం పక్కన ఊడిన గొట్టం కనబడింది. ఆ దిబ్బలో బూటు కనబడింది.

నేను ఒక్కొక్కటే అడిగాను. "ఆ పగలు ఆకాశం నుంచి మంచు పడిందా?"

"ఎక్కడిది? అంతకుముందు ఎన్నో రోజులుగా ఒక్క రేకు పడలేదు. పడితే మా గన్‌లెందుకు?"

"మీరు వెతకడానికి వెళ్లేముందు గన్‌లు నడిపారా?"

"చెరువులో బురద కనబడుతోంది మాస్టర్‌జీ. దేంతో నడపాలి?"

"మరి అతని మీదున్న మంచు ఎక్కడిది?"

"పక్క గన్ తెల్లవారుజామున కురిపించినదే. ఈ గొట్టం ఊడినా అది ఆగలేదు, నీళ్లు అయిపోయేదాకా అతని మీద పోస్తూనే ఉంది. పగలు ఎండకు పైపొర కరిగింది, నీడ పడ్డాక రాయిలా గట్టిపడింది. పారతో పగలగొట్టి తీశాం."

పొద్దు పొడవకముందే ఆగిపోయిన గన్‌లు కురిపించిన మంచు కింద అతను ఉన్నాడు. అంటే అవి ఆగకముందే పడిపోయాడు. ఇందులో ఊహించవలసినది ఏమీ లేదు. నేను చెప్పకముందే లక్ష్మీకుమారి లెక్క వేసుకుంది. గరిట మెల్లగా గిన్నెలో పెట్టింది.

"అయితే భయ్యా, మధ్యాహ్నం నేను ఫోన్ చేసినప్పుడు?"

అతను తల దించుకున్నాడు. "జేబులోనే ఉంది దీదీ. తీసేసరికి తెర మీద మీ పేరే ఉంది. చాలాసార్లు."

"మోగిందా?"

"మోగే ఉంటుంది."

తర్వాత అతను ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకున్నాడు. "మీ ఉప్పు కాదు దీదీ. నా నిద్ర. ఒక్కసారి పైకెక్కి చూసి ఉంటే..."

"దెబ్బ తగలగానే పోయాడని డాక్టరు చెప్పాడు," అన్నాను. "నీ నిద్ర కూడా కాదు నాయనా." అతను విన్నట్టు లేడు.

లక్ష్మీకుమారి లోపలికి వెళ్లి, అర వెనక నుంచి ఉప్పు డబ్బా తెచ్చింది. ఎన్నాళ్లనుంచో తీయక మూత బిగుసుకుపోయింది. లోపల ఉప్పు తేమకు ఒకే ముద్దగా గట్టిపడింది. చెంచా కాడతో పొడిచి పొడిచి ఒక పెళ్ల విరగ్గొట్టి, చేత్తో నలిపి, అతిథి కంచం అంచున పెట్టింది. బుల్లమ్మ సంచి పక్కన పెట్టి లేచి బయటికి వెళ్లిపోయింది.

నేను వెనకే వెళ్లాను. ఆమె మా గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ కొక్కెం మార్చని కంపెనీవోడు ఎక్కడుంటాడు మాస్టారూ?"

"చాలా దూరం బుల్లమ్మా. అసలు ఒక్కడై ఉండడు."

"మరి నేనెవర్ని తిట్టుకోవాలి?" అంది. ఇంతకాలం ఆమె ఉప్పును ఎందుకు పట్టుకుని ఉందో నాకు అప్పుడు అర్థమయింది. ఈ దీవిలో ఆమె చేతికి అందిన కారణం అదొక్కటే.

బేలీరామ్ వెళ్లిపోయాక కొన్నాళ్లకు, నీళ్లు పట్టుకుని వస్తున్న లక్ష్మీకుమారిని ఉప్పు వేసుకుంటున్నావా అని అడిగాను.

"వేసుకుంటున్నాను మాస్టారూ."

సంతోషించాను. ఆ సంతోషం ఆమెకు కనబడే ఉంటుంది, బిందె దించి నిలబడింది.

"ఉప్పు వల్లే అనుకున్నన్నాళ్లూ ఆ రోజు సాయంత్రం దాకా ఆయన నాకు ఉండేవారు. పొద్దున నేను బట్టలుతుక్కుంటున్నప్పుడు ఉన్నారు. మధ్యాహ్నం తిమింగలం అని మెసేజ్ పెట్టినప్పుడు ఉన్నారు, నిద్రపోతున్నారు. తప్పు నాదైనా ఆ ఒక్క పగలు నాకుండేది." బిందె మళ్లీ చంకకెత్తుకుంది. "ఇప్పుడు అది కూడా పోయింది."



జెట్టీ దగ్గర చాలామందికి ఈ సంగతి వివరంగా చెప్పాను. గన్‌లు, చెరువు, ఎండకు కరిగి మళ్లీ గట్టిపడిన పొర, అన్నీ చెప్పాను. మర్యాదగా విన్నారు. అవును మాస్టారూ అన్నారు. పోయిన వారం వేలం దగ్గర కొత్తగా పెళ్లై వచ్చిన ఒక అమ్మాయికి బేబీరాణే స్వయంగా చెప్తోంది: మగాడు నీళ్ల మీద ఉండగా ఉప్పు ఇవ్వకు, లక్ష్మీకుమారి సంగతి చూశావు కదా.

ఆ జనవరి సాయంత్రం లక్ష్మీకుమారి ఉప్పు డబ్బా మూత తీసేసరికి చిరంజీవి చనిపోయి ఒక పగలంతా గడిచిపోయింది.